నొప్పి లేని గడ్డ



"రొమ్ములో గడ్డ తగిలింది గానీ, నొప్పేం లేదండీ" అంటూ నెలలు గడిపేసేవారు మనలో చాలామంది. రొమ్ము క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలావరకు నొప్పి పెట్టదు మరి! పాలిచ్చే తల్లయితే పాలు గడ్డకట్టాయని సరిపెట్టుకుంటుంది. రెండు మూడు వారాల్లో కరగకపోతే డాక్టరుకు చూపించాల్సిందే. బెంబేలు మాత్రం వద్దు. చిన్న వయసులో వచ్చే గడ్డల్లో ఎక్కువభాగం క్యాన్సర్ కానివే.

మన దేశంలో ఈ జబ్బు పాశ్చాత్య దేశాలకన్నా సుమారు పదేళ్లు ముందే కనబడుతోంది. అలాగని అందరూ ముప్ఫైకే మామోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్‌రే, తీయించుకోనక్కర్లేదు. చిన్న వయసులో రొమ్ము కణజాలం దట్టంగా ఉంటుంది. ఎక్స్‌రేలో అదీ తెలుపే, గడ్డా తెలుపే. సున్నం కొట్టిన గోడమీద ముగ్గు వెతికినట్టు! అందుకే ఈ వయసువారికి ముందు అల్ట్రాసౌండ్ రాస్తారు. 30 దాటినవారికి ఐదేళ్లకోసారి చేత్తో చూసే పరీక్ష ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది.

ఇక వంశం సంగతి. అందరూ అమ్మవైపే ఆరా తీస్తారు. కానీ ఈ జబ్బు ముప్పును పెంచే బీఆర్‌సీఏ అనే జన్యులోపం తండ్రి నుంచి కూడా వస్తుంది. నటి ఏంజెలినా జోలీ 2013లో, 37 ఏళ్లకే, ముందుజాగ్రత్తగా శస్త్రచికిత్స చేయించుకున్నది ఈ లోపం బయటపడే. ఇలాంటివారికి ఎమ్మారై పరీక్షలు ముందే మొదలుపెడతారు.

బిడ్డకు పాలివ్వడం, ఒళ్లు పెరగనీయకపోవడం, మద్యం ముట్టకపోవడం ముప్పును కొంత తగ్గిస్తాయి, పూర్తిగా కాదు.

ఈ రాత్రి భోజనాల దగ్గర మీ నాన్నగారిని అడగండి: నాయనమ్మకు, మేనత్తలకు ఈ జబ్బేమైనా వచ్చిందా అని.