కొలబద్దను ఎవరు కొలుస్తారు?



పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో ఒకే మనిషి డీఎన్‌ఏను రెండు యంత్రాల మీద సీక్వెన్సింగ్ చేయించాను. ఒకదానిలో కనిపించిన కొన్ని మార్పులు రెండోదానిలో లేవు. ఏది నమ్మాలి? జవాబు వెతుకుతుంటే మార్క్ సాలిట్ పని తెలిసింది.

సాలిట్ రసాయన విశ్లేషణ నుంచి వచ్చినవారు. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో మొదట మూలకాలను కచ్చితంగా కొలిచే పద్ధతుల మీద పనిచేశారు. నీళ్లలో సీసం ఎంతుందో చెప్పే యంత్రాన్ని సరిచూడాలంటే, విలువ ముందే తెలిసిన నమూనాను దానికి ఇస్తాం. జన్యువుల కొలతకూ అలాంటి నమూనాలు కావాలన్నదే ఆయన పట్టుదల. ఆర్‌ఎన్‌ఏ కోసం 2003లో మొదలైన ఉమ్మడి కృషి 96 డీఎన్‌ఏ సీక్వెన్సుల ప్రమాణంగా తేలింది. 2012లో 'జీనోమ్ ఇన్ ఎ బాటిల్' మొదలైంది. 2015లో నిస్ట్ మొదటి మానవ జీనోమ్ ప్రమాణాన్ని విడుదల చేసింది. ఒక చిన్న సీసాలో సుమారు 10 మైక్రోగ్రాముల డీఎన్‌ఏ, అంతే.

నాకు నచ్చింది వాళ్ల నిజాయితీ. అనేక యంత్రాల ఫలితాలను పోల్చి, నమ్మకంగా చెప్పగల భాగాలను గుర్తించారు. చెప్పలేని భాగాలను పక్కన పెట్టి, ఆ సంగతి బయటికే చెప్పారు.

మరి ఆ సీసాలో ఉన్నదెవరు? మొదట యూరోపియన్ మూలాలున్న ఒక మహిళ. తర్వాత ఒక అష్కెనాజీ యూదు కుటుంబం, ఒక హాన్ చైనీయ కుటుంబం. మొత్తం ఏడుగురు. మన ఉపఖండం మనిషి ఒక్కరూ లేరు. ఇందులో కుట్ర వెతకనక్కర్లేదు. తన డీఎన్‌ఏ అందరూ వాడుకోవచ్చని తెలిసి ఒప్పుకున్నవాళ్లు కావాలి, అలాంటివాళ్లు దొరికినచోట తీసుకున్నారు. కానీ మన జీనోమ్ ఇండియా 10 వేల మంది జన్యుపటాలు సేకరించిన ఈ రోజుల్లో, వాడల నుంచి, తండాల నుంచి రక్తం తీసుకునేటప్పుడు ఆ ఒప్పుకోలు ఎంత నిజమైనదో అడగాల్సింది మనమే.

ఎందుకంటే కొలత మనకు కొత్త కాదు. 1901 జనగణన కమిషనర్ రిస్లే ముక్కు వెడల్పును బట్టి కులాల హోదా చెప్పాడు. బాబాసాహెబ్ కొలతను చూసి పారిపోలేదు. 1948లో 'ది అన్‌టచబుల్స్'లో ఆ ముక్కు కొలతలనే ముందు పెట్టుకుని, అంటరానితనానికి మూలం జాతి భేదం కాదని వాదించారు. లెక్కలు బయట ఉన్నాయి కాబట్టే ఆయన వాటిని తిరిగి చూడగలిగారు.

ఒక విశ్వవిద్యాలయ ప్రవేశంలో నాకు రాతపరీక్షలో మంచి మార్కులొచ్చాయి. ఇంటర్వ్యూలో అడుగుకు పడిపోయాయి. నా జవాబుపత్రాన్ని మళ్లీ దిద్దించుకోవచ్చు. ఆ పది నిమిషాలను దేనితో సరిచూడను? ఆ గదిలో యంత్రం ఉంది, ప్రమాణ నమూనా లేదు.

మిత్రులారా, కొలవవద్దని మనం అనడం లేదు. కొలిచేవాళ్లు తమ కొలబద్దను కూడా బల్ల మీద పెట్టాలంటున్నాం.

జై భీమ్.