వాక్యం నడిచే దిక్కు, పుట తిరిగే తీరు

తెలంగాణలో రెండవ అధికార భాషయైన ఉర్దూ కుడి నుండి ఎడమకు, తెలుగు ఎడమ నుండి కుడికి నడుస్తాయి కనుక, రెండు భాషల్లోనూ సమాచారమందించే వెబ్ పుటలో అక్షరాలతోపాటు ఖాళీలు, జాబితా గుర్తులు కూడా పక్క మారాలి. పుట రూపురేఖలను నిర్ణయించే సీఎస్ఎస్ అనే శైలి భాషలో చాలాకాలం ఎడమ, కుడి అనే స్థిరమైన పేర్లే వాడుకలో ఉండటం వల్ల, ఉర్దూ కోసం అనేక నియమాలను తిరగరాయవలసి వచ్చేది. ఆ శ్రమను తగ్గించినవి తార్కిక ధర్మాలు: ఇవి ‘ఎడమ’ అనకుండా ‘వాక్యం మొదలయ్యే వైపు’ అంటాయి కాబట్టి, ‘మార్జిన్-ఇన్‌లైన్-స్టార్ట్’ అన్న ఒక్క నియమమే తెలుగులో ఎడమ పక్కన, ఉర్దూలో కుడి పక్కన ఖాళీని ఉంచుతుంది, జపనీస్‌ను ‘రైటింగ్-మోడ్’ ధర్మంతో నిలువుగా కూర్చినప్పుడు అదే ఖాళీ పైభాగానికి చేరుతుంది. అయితే రాత దిశ అలంకారం కాదు, అది పాఠ్యానికి చెందిన లక్షణం. అందుచేత దానిని శైలిపత్రంలో కాక, పుట నిర్మాణాన్ని చెప్పే హెచ్‌టీఎమ్‌ఎల్‌లోనే ‘డిర్’ అనే గుణంతో ప్రకటించడం ఉచితం. అంతా అద్దంలోలా తిరగబడాలనుకోవడమూ పొరపాటే: ‘తరువాతి పుట’ను చూపే బాణం తిరగాలి గాని గడియారం బొమ్మ తిరగకూడదు, ఉర్దూ వాక్యం మధ్యన వచ్చే 2024 వంటి సంఖ్యలోని అంకెలు ఎడమ నుండి కుడికే సాగుతాయి.