పర్యాటకులు రావాలి, పరిమితీ ఉండాలి

 

విదేశీ పర్యటనలు సులువు కావడం మేలా, కీడా? మేలే అంటాను, ఒక షరతు మీద. థాయిలాండ్ సంగతే చూడండి. 2023 నవంబరులో ఆ దేశం భారతీయులకు వీసా అక్కర్లేదంది. ఇప్పుడు మనవాళ్లు కుటుంబాలతో వెళ్లివస్తున్నారు.

2019లో అక్కడికి దాదాపు 4 కోట్ల మంది విదేశీయులు వెళ్లారు. కరోనా కారణంగా 2021లో 5 లక్షల మంది కూడా రాలేదు. పడవలు నడిపేవాళ్లు, హోటళ్లలో పనిచేసేవాళ్లు ఉపాధి పోగొట్టుకున్నారు. పర్యాటకులే వద్దనేవాళ్లు ముందు వీళ్లని అడగాలి.

రెండో వైపూ ఉంది. అక్కడి మాయా బే అనే చిన్న తీరం ఒక హాలీవుడ్ సినిమాతో పేరుకెక్కింది. రోజుకి 5,000 మంది దాకా వచ్చిపడ్డారు. పడవల లంగర్లు తగిలి పగడపు దిబ్బలు దెబ్బతిన్నాయి. 2018లో ప్రభుత్వం ఆ తీరాన్ని మూసేసింది. పగడాలు మళ్లీ నాటారు, సొరచేపలు తిరిగొచ్చాయి. 2022 జనవరిలో తెరిచినప్పుడు మాత్రం పడవలు వెనకవైపే ఆగాలన్నారు, జనం సంఖ్యకి పరిమితి పెట్టారు.

మేం వంతెన కట్టేముందే అదెంత బరువు మోస్తుందో లెక్క వేస్తాం. కూలాక వేసే లెక్క ఎందుకూ పనికిరాదు. వీసా తీసేయడానికి రాజధానిలో ఒక నిర్ణయం చాలు. వచ్చినవాళ్లకి నీళ్లు, వాళ్లు వదిలిన చెత్త చూసుకోవాల్సింది మాత్రం ఆ ఊరివాళ్లే. కాబట్టి ఎంతమంది రావచ్చో చెప్పే హక్కు కూడా వాళ్లకుండాలి. అదే నా షరతు.

మన పిల్లలు ప్రపంచం చూడాలి. వెళ్లినచోట ఆగమంటే విసుక్కోకుండా వరసలో నిలబడాలి. మనకా అలవాటు ఈ బడి ప్రార్థన వరసలోనే అబ్బింది.