మూసీ వంతెన చెప్పిన పాఠం
(ఆటోనగర్‌లో జరిగిన మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగం)



ప్రతి సమావేశంలోనూ మనం డి.ఎ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి వేరే సంగతి ఏదైనా చెప్పమని కార్యదర్శిగారు కోరారు. నేను ఫైళ్లు మోసిన గుమాస్తానే గాని తుపాకి పట్టినవాణ్ణి కాను. అయినా సైన్యం గురించి నాలుగు మాటలు చెబుతాను. మా మనవడు సైన్యంలో చేరతానంటున్నాడు. "తాతయ్యా, సైన్యానికి బలం దేనివల్ల వస్తుంది? ఆయుధాల వల్లనేనా?" అని మొన్న అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు వెతికితే మన హైదరాబాదు రోడ్డు మీదే దొరికింది.

1948 సెప్టెంబరు 13. నైజాం సంస్థానం మీద భారత సైన్యం కదిలిన రోజు. జనం దాన్ని పోలీసు చర్య అన్నారు, సైన్యం ఆపరేషన్ పోలో అంది. ప్రధాన దళం మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి నాయకత్వాన షోలాపూరు వైపు నుంచి, మరో దళం ఎ.ఎ. రుద్ర నాయకత్వాన మన బెజవాడ వైపు నుంచి బయలుదేరాయి. అప్పటికి నేను పుట్టలేదు. రజాకార్లకు భయపడి పిల్లాపాపలతో సరిహద్దు దాటి వచ్చినవాళ్ల గురించి మా నాన్నగారు చెబుతుంటే విన్నాను.

మన వైపు నుంచి వెళ్లిన దళం మొదటి రోజు కోదాడ, మునగాల చేరింది. దారిలో నైజాం కవచ వాహనాల దళాలు గట్టిగానే ఎదిరించాయి. కనుక వాళ్లు పిరికివాళ్లని ఎవరూ అనడానికి లేదు. రెండో రోజు విమాన దాడుల తర్వాత సూర్యాపేట మన సైన్యం వశమైంది. వెనక్కి తగ్గుతున్న నైజాం సైన్యం మూసీ మీది వంతెనను కూల్చేసింది. అక్కడిదాకా సరిగానే చేశారు. అయితే వంతెన కూల్చడం సగం పనే. బాగుచేయడానికి వచ్చేవాళ్లను దగ్గరకు రానివ్వకుండా అవతలి ఒడ్డున కాపు కాసి కాల్పులు జరపడం మిగతా సగం. ఆ సగం చేయలేదు. మనవాళ్లు త్వరలోనే వంతెన బాగుచేసుకుని ముందుకు సాగిపోయారు. 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించారు. మర్నాడు నైజాం సేనాధిపతి ఎల్ ఎద్రూస్ చౌదరిగారికి లొంగిపోయారు.

భారత సైన్యం చాలా పెద్దది, నైజాం ఎలాగూ ఓడేవాడే. కాని అయిదు రోజుల్లోనే ఎందుకు కూలింది? ఆయుధాలు లేక కాదు. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు విమానాల్లో దొంగచాటుగా తుపాకులు తెచ్చి దించాడు. తుపాకులు విమానంలో వస్తాయి గాని శిక్షణ అలా రాదు. నైజాం సైన్యం సుమారు 24,000 అని, అందులో పూర్తి శిక్షణ, సరంజామా ఉన్నవాళ్లు 6,000 మందేనని చెబుతారు.

దీని వేరు 1798లో ఉంది. ఆ ఏడాది నిజాం సైన్య సహకార ఒప్పందంతో తన రక్షణను ఇంగ్లీషువాళ్ల చేతిలో పెట్టాడు. తర్వాత నిజాం సొమ్ముతో, ఇంగ్లీషు అధికారుల కింద హైదరాబాదు కంటింజెంట్ తయారైంది. ఆ పరంపరలోంచే 19వ హైదరాబాదు రెజిమెంటు వచ్చింది. 1945లో దాని పేరు కుమావూఁ రెజిమెంటుగా మారింది. జనరల్ తిమ్మయ్య అందులో పనిచేసినవారే. 1947 నవంబరు 3న కాశ్మీరులోని బడ్గాంలో ప్రాణాలర్పించి, తొలి పరమవీరచక్ర పొందిన మేజర్ సోమనాథ్ శర్మ కూడా ఆ రెజిమెంటువారే. హైదరాబాదు పేరుతో పెరిగిన ఒక రెజిమెంటు అంత ఎత్తుకు వెళ్లింది. నిజాం కింద మిగిలిన సైన్యానికి మాత్రం నూట యాభై ఏళ్లపాటు సొంతంగా యుద్ధం నడపవలసిన పనే పడలేదు.

ఇక రజాకార్లు. వారు సేనాధిపతి మాట వినేవాళ్లు కారు, కాసిం రజ్వీ అనే పార్టీ నాయకుడి మాట వినేవాళ్లు. ఒకే రాజ్యంలో రెండు హుకుములు. ఊళ్ల మీద పడి నిరాయుధులను కొట్టడం అలవాటైన గుంపు, ఎదురుగా ట్యాంకు వస్తే నిలబడగలదా?

రెండు హుకుముల సంగతి మనకు కొత్త కాదు. 1977లో దివిసీమ ఉప్పెన తర్వాత సహాయం పంచే పనికి నన్నూ వేశారు. ఊరి పేరు చెప్పను. అధికారి జాబితా ఒకటి, నాయకుడి మనుషుల జాబితా ఇంకొకటి. ఏది చెల్లుతుందో తేలేదాకా బియ్యం బస్తాలు లారీ మీదే ఉన్నాయి. ఆకలితో ఉన్నవాళ్లు లారీ చుట్టూ నిలబడ్డారు. ఆ రోజు మాలో పనిచేయనివాడు లేడు, కాని పని జరగలేదు.

గెలిచిన పక్షం గురించీ ఒక నిజం చెప్పాలి. పోలీసు చర్య వెంటనే ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో వేలాది ముస్లింలను చంపారు. నెహ్రూ ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ బృందం, సంస్థానం మొత్తం మీద 27,000 నుంచి 40,000 మంది పోయి ఉంటారని అంచనా వేసింది. కొన్నిచోట్ల సైనికులు, పోలీసులు కూడా అందులో పాల్గొన్నారని రాసింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు బయటకు రాలేదు. అయిదు రోజుల్లో గెలిపించిన క్రమశిక్షణ ఆ ఊళ్లలో ఏమైంది? తప్పు చేసినవాణ్ణి అడిగే అధికారం పైన లేకపోతే, శిక్షణ ఒక్కటే మనిషిని ఆపలేదు.

అయినా ఒక మంచి సంప్రదాయం నిలిచింది. చౌదరిగారు మిలిటరీ గవర్నరుగా 1949 చివరిదాకా ఉండి పక్కకు తప్పుకున్నారు. వెల్లోడి అనే సివిల్ అధికారి ముఖ్యమంత్రి అయ్యారు. 1952 ఎన్నికల తర్వాత బూర్గుల రామకృష్ణారావుగారు వచ్చారు. అదే చౌదరి తర్వాత భారత సైన్యాధిపతి అయ్యారు గాని కుర్చీ కోసం ఆశపడలేదు. పక్కన పాకిస్తాన్‌లో 1958లో సేనాధిపతి అయూబ్‌ఖాన్ గద్దెనెక్కారు. రెండు సైన్యాలూ ఇంగ్లీషువాళ్ల దగ్గర ఒకే బడిలో చదివినవే. తేడా వచ్చింది వాటిని నడిపించిన రాజకీయాల్లో.

అందుకే మా మనవడికి ఇలా చెప్పాను: "నాయనా, ఆయుధం కొనుక్కోవచ్చు. దాన్ని వాడే నేర్పుకు ఏళ్లు పడుతుంది. ఎప్పుడు వాడాలో, ఎప్పుడు దించాలో చెప్పేది ప్రజలకు జవాబు చెప్పే ప్రభుత్వమై ఉండాలి."

2022 నుంచి అగ్నిపథ్ పథకం కింద సిపాయిలను నాలుగేళ్లకే తీసుకుంటున్నారు. వారిలో నాలుగో వంతుకు మించి ఉంచుకోరు. మిగతావాళ్లకు పెన్షను ఉండదు. పెన్షను మీద బతుకుతున్న మనకు దాని బాధ తెలుసు. దానికన్నా నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఇంకొకటుంది. వంతెన కూల్చాక అవతలి ఒడ్డున కాపు కాయాలని కొత్త కుర్రాడికి చెప్పే పాత సిపాయి పక్కన ఉంటాడా? పెద్దలు దీన్ని ఆలోచించాలని కోరుతున్నాను.

మనవడు ఉత్సాహంగానే ఉన్నాడు. వెళ్లనివ్వండి, వాడి ఇష్టం. ఈసారి హైదరాబాదు బస్సెక్కి సూర్యాపేట దాటాక మూసీ వంతెన వస్తే, ఒక్కసారి కిటికీలోంచి చూడండి.