ప్రశ్నల బరువు: శాస్త్రాలలో అల్గారిథం, గణన సంక్లిష్టత

ఒక ప్రశ్నకు జవాబు ఉందని తెలియడం వేరు, ఆ జవాబు మనిషి ఆయుర్దాయంలో చేతికి రావడం వేరు. ఈ రెంటి మధ్య దూరాన్ని కొలిచేది గణన సంక్లిష్టతా శాస్త్రం. జవాబు దాకా తీసుకుపోయే మెట్ల వరుస అల్గారిథం. ఆ మెట్లు ఎన్ని, లెక్క పెద్దదైనకొద్దీ అవి ఎంత త్వరగా పెరుగుతాయి అన్నది సంక్లిష్టత. అల్గారిథం అన్న మాట తొమ్మిదో శతాబ్దపు బాగ్దాదు గణితవేత్త అల్‌ఖ్వారిజ్మీ పేరు నుంచి పుట్టింది. మెట్లను లెక్కించడం మాత్రం ఇరవయ్యో శతాబ్దంలోనే ఒక శాస్త్రంగా స్థిరపడింది. భౌతిక, జీవ, ఆర్థిక, భాషా శాస్త్రాలలో దేన్ని తీసుకున్నా, కొంత లోతుకు పోయేసరికి ఈ లెక్క ఎదురవుతుంది.

మంచి అల్గారిథం ఎంత శ్రమ తగ్గిస్తుందో చెప్పడానికి బడిలో నేర్చుకున్న గ.సా.భా. చాలు. రెండు సంఖ్యల గరిష్ఠ సామాన్య భాజకం కావాలంటే చిన్నదానితో పెద్దదాన్ని భాగించాలి, వచ్చిన శేషంతో చిన్నదాన్ని భాగించాలి, శేషం సున్నా అయ్యేదాకా ఇలాగే పోవాలి. క్రీ.పూ. 300 ప్రాంతపు యూక్లిడ్ గ్రంథంలో ఉన్న పద్ధతి ఇది. క్రీ.శ. 499 ప్రాంతంలో ఆర్యభటుడు చెప్పిన కుట్టకం కూడా ఇదే భాగహారాల గొలుసు మీద నడుస్తుంది. 1844లో ఫ్రెంచి గణితవేత్త గాబ్రియేల్ లామే ఈ గొలుసు పొడవుకు హద్దు కట్టాడు. చిన్న సంఖ్యలో ఎన్ని అంకెలుంటాయో దానికి అయిదింతలకు మించి భాగహారాలు ఎన్నడూ అవసరం పడవు. వంద అంకెల సంఖ్యలకైనా 500 భాగహారాలు చాలు. అలా కాక ఒకటి నుంచి ప్రతి సంఖ్యనూ వరసగా పరీక్షించబోతే విశ్వం వయసంత కాలమైనా సరిపోదు.

పద్ధతి బరువు వేరు, ప్రశ్న బరువు వేరు. బడిలో నేర్పే గుణకారంలో ఒక సంఖ్యలోని ప్రతి అంకెనూ రెండో సంఖ్యలోని ప్రతి అంకెతో గుణిస్తారు. అంకెలు రెట్టింపయితే పని నాలుగింతలవుతుంది. ఇంతకంటే తేలిక దారి ఉండదని 1960లో మాస్కోలో కొల్మొగోరొవ్ ఒక సెమినార్‌లో ప్రతిపాదించాడు. వారం తిరక్కుండానే 23 ఏళ్ల అనతోలీ కరాత్సుబా ఆ దారి చూపించాడు. పెద్ద గుణకారాన్ని నాలుగు చిన్న గుణకారాలుగా విడదీసే చోట మూడింటితోనే పని జరిగేలా చేసి, ఆ కిటుకునే మళ్లీ మళ్లీ వాడాడు. వేల ఏళ్లుగా లోకమంతా చేస్తున్న పద్ధతి కూడా ఉత్తమ పద్ధతి కాకపోవచ్చని దీనితో తేలింది. ఒక ప్రశ్న తేలికని చెప్పడానికి ఒక్క మంచి పద్ధతి చూపితే చాలు. కష్టమని చెప్పడానికి మాత్రం ఇంకా ఎవరికీ తట్టని పద్ధతులతో సహా అన్నిటి గురించీ నిరూపించాలి. ఈ శాస్త్రంలో అసలు కష్టం అక్కడుంది.

పెరుగుదల ఎంత ప్రమాదకరంగా ఉండగలదో తెలుగువారికి పాత పరిచయమే. చదరంగపు బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు చొప్పున రెట్టింపు చేస్తూ 64 గళ్లూ నింపితే మొత్తం 1,84,46,74,40,73,70,95,51,615 గింజలవుతాయి. ఈ సంఖ్యను భూతసంఖ్యలతో చెప్పే చంపకమాల పద్యం పావులూరి మల్లన గణితంలోనిదిగా ప్రసిద్ధం. సెకనుకు 100 కోట్ల గింజలు లెక్కపెట్టే యంత్రమైనా ఈ రాశిని ముగించడానికి సుమారు 585 ఏళ్లు పడుతుంది. యంత్రం వేగం రెట్టింపయితే అదే కాలంలో అదనంగా ఒక్క గడి నిండుతుంది. వెయ్యింతలయితే పది గళ్లు. రెట్టింపుల్లో పెరిగే పని ముందు యంత్రబలం నిలవదు.

అందువల్ల 1960ల నుంచి ఒక గీత గీశారు. దత్తాంశం పొడవుకు వర్గమో ఘనమో, అలాంటి ఒక స్థిర ఘాతాన్ని మించకుండా మెట్లు పెరిగితే ఆ పద్ధతి బహుపది కాలంలో నడుస్తుందంటారు. రెట్టింపుల్లో పెరిగితే అది ఘాతీయ కాలం. బహుపది కాలాన్నే మంచి అల్గారిథానికి గుర్తుగా తీసుకోవాలని 1965లో జాక్ ఎడ్మండ్స్ వాదించాడు. అదే ఏడాది హార్ట్‌మానిస్, స్టెర్న్స్ రాసిన వ్యాసం ఈ శాస్త్రానికి పేరు పెట్టింది.

గీతకు అటూ ఇటూ తేలని ప్రశ్నలు చాలా ఉన్నాయి. వేర్వేరు ధరలున్న 64 వస్తువులను ఇద్దరు అన్నదమ్ములకు సరిసమానమైన విలువ వచ్చేలా పంచాలి. పంపకం చేసి చూపిస్తే సరిచూడటానికి రెండు కూడికలు చాలు. అలాంటి పంపకం అసలు ఉందో లేదో వెతకాలంటే మాత్రం, ఒక్కో వస్తువు ఇటో అటో పోవచ్చు కాబట్టి, మొత్తం విధాలు చదరంగపు గింజలకంటే ఒకటి ఎక్కువ. వస్తువులను ముందు రెండు కుప్పలు చేసి, ఒక్కో కుప్పలో వచ్చే మొత్తాలన్నీ వరస పెట్టుకుని జత కలిపే ఉపాయం ఉంది. దానితో పని కుప్పకు సుమారు 429 కోట్ల మొత్తాలకు దిగుతుంది. అది యంత్రానికి సాధ్యమే. కానీ వస్తువులు 128 అయితే మళ్లీ మొదటి కొండే ఎదురవుతుంది. ఉపాయం ఘాతాన్ని సగం చేసింది, తొలగించలేదు.

సరిచూడటం తేలికైన ప్రశ్నల తరగతిని ఎన్‌పీ అనీ, వెతకడమూ తేలికైన తరగతిని పీ అనీ అంటారు. 1971లో స్టీఫెన్ కుక్, సోవియట్ యూనియన్‌లో విడిగా లియోనిద్ లెవిన్ ఒక విశేషం కనుగొన్నారు. ఎన్‌పీలోని ప్రతి ప్రశ్ననూ తనలోకి తెచ్చుకోగల ప్రశ్నలున్నాయి. వాటిలో ఒక్కదానికి బహుపది పద్ధతి దొరికితే అన్నిటికీ దొరికినట్టే. ఇవి ఎన్‌పీ-సంపూర్ణ ప్రశ్నలు. 1972లో రిచర్డ్ కార్ప్ ఇలాంటివి 21 చూపించాడు. వాటిలో పైన చెప్పిన పంపకం ఒకటి. పీ, ఎన్‌పీ ఒకటేనా అన్నది ఇప్పటికీ తేలలేదు. 2000లో క్లే సంస్థ దీనికి పది లక్షల డాలర్ల బహుమతి ప్రకటించింది. రెండూ వేరనే ఎక్కువమంది నమ్మకం, నిరూపణ లేదు.

ఒకేలా కనిపించే ప్రశ్నల బరువులో ఎంత తేడా ఉండవచ్చో ప్రధాన సంఖ్యలు చూపుతాయి. ఇచ్చిన సంఖ్య ప్రధానమా కాదా అని బహుపది కాలంలో కచ్చితంగా తేల్చవచ్చని 2002లో కాన్పూర్ ఐఐటీలో మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా నిరూపించారు. ప్రధానం కాదని తేలిన పెద్ద సంఖ్యకు కారణాంకాలు చెప్పమంటే మాత్రం సాధారణ కంప్యూటర్లకు బహుపది పద్ధతి ఎవరికీ తెలియదు. 1977 నాటి ఆర్‌ఎస్‌ఏ రహస్యలిపి ఆ కష్టం మీదే నిలబడింది. క్వాంటమ్ కంప్యూటర్ ఉంటే ఈ పని బహుపది కాలంలో అవుతుందని 1994లో పీటర్ షోర్ చూపించాడు. ఇక్కడ కష్టం అడ్డంకి కాదు, రక్షణ.

భాషలోకి వస్తే, తాళపత్రాలలో పదాల మధ్య ఎడం ఉండదు. చంపకమాల పాదంలో 21 అక్షరాలు, వాటి మధ్య 20 సందులు. ప్రతి సందు దగ్గరా విరవవచ్చు, విరవకపోవచ్చు. సంధి మార్పులను పక్కన పెట్టినా ఒక్క పాదానికి 10,48,576 పదచ్ఛేదాలు. అన్నిటినీ పరీక్షించనక్కర్లేదు. పాదంలో వరసగా వచ్చే అక్షరాల ముక్కలు 231 మాత్రమే. మొదటి అక్షరం దాకా, రెండో అక్షరం దాకా, ఇలా ఎక్కడికక్కడ అత్యుత్తమ విరుపును ఒక పట్టికలో రాసుకుంటూ పోతే పాదం చివరికి జవాబు సిద్ధమవుతుంది. దీన్ని డైనమిక్ ప్రోగ్రామింగ్ అంటారు. మాటను గుర్తించే యంత్రాలూ ఇలాంటి వెతుకులాట మీదే ఎదిగాయి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు పంచుకున్న రాజ్ రెడ్డి బృందం 1976లో తయారు చేసిన హార్పీ సుమారు వెయ్యి పదాలను గుర్తించింది. ప్రతి అడుగులో ఆశాజనకమైన దారులను మాత్రమే ఉంచుకుని మిగతావి వదిలేయడం దాని కీలకం.

జీవశాస్త్రం ఇదే పట్టికను మరో లిపికి వాడుకుంది. రెండు జన్యు వరుసలను పక్కపక్కన పెట్టి ఏ అక్షరం దేనికి సరిపోతుందో చూడాలంటే, వంద అక్షరాల వరుసలకే కుదిర్చే విధాల సంఖ్య 50 అంకెలు దాటుతుంది. 1970లో నీడిల్‌మన్, వున్ష్ ఈ పనిని సుమారు పదివేల గళ్ల పట్టికకు దించారు. 1990లో వచ్చిన బ్లాస్ట్ అనే పద్ధతి, కచ్చితత్వంలో కొంత వదులుకుని, పెద్ద జన్యు భాండారాలను త్వరగా గాలించే వీలు కల్పించింది.

ప్రోటీన్ గొలుసు ఎలా ముడుచుకుంటుందన్నది అంతకంటే గడ్డు ప్రశ్న. వంద అమైనో ఆమ్లాల గొలుసులో ఒక్కోదానికి మూడే భంగిమలనుకున్నా మొత్తం విధాలు 48 అంకెల సంఖ్య. అయినా కణంలో చాలా ప్రోటీన్లు సెకన్లలోనో అంతకంటే త్వరగానో ముడుచుకుంటాయి. సైరస్ లెవింథాల్ 1960లలోనే ఈ వైరుధ్యాన్ని ఎత్తిచూపాడు. గడుల మీద గీసిన సరళమైన నమూనాలో కూడా కనిష్ఠ శక్తి ఉన్న ఆకృతిని కనుక్కోవడం ఎన్‌పీ-కఠినమని, అంటే ఎన్‌పీ-సంపూర్ణ ప్రశ్నలకు కష్టంలో తీసిపోదని, 1998లో నిరూపించారు. 2020లో ఆల్ఫాఫోల్డ్ అనే కృత్రిమ మేధ ఎన్నో ప్రోటీన్ల ఆకృతులను ప్రయోగాలకు దీటుగా ఊహించింది. 2024 రసాయన నోబెల్‌లో సగం దాని కర్తలు హసాబిస్, జంపర్‌లకు దక్కింది. ఈ విజయం 1998 సిద్ధాంతాన్ని కొట్టివేయదు. ఆ సిద్ధాంతం ఊహించగల గొలుసులన్నిటి గురించి. ఆల్ఫాఫోల్డ్ నేర్చుకున్నది పరిణామం వడపోసిన గొలుసుల నుంచి. త్వరగా ముడుచుకోలేని గొలుసుతో జీవి బతకదు కాబట్టి, ప్రకృతిలో మిగిలినవి తేలిక సందర్భాలు కావడానికి కారణముంది.

భౌతికశాస్త్రానికి ఒక అల్గారిథం కొత్త కళ్లు ఇచ్చింది. ఒక తరంగాన్ని దానిలోని పౌనఃపున్యాలుగా విడదీసే ఫూరియర్ లెక్కకు పది లక్షల బిందువులుంటే నేరు పద్ధతిలో లక్ష కోట్ల మెట్లు. 1965లో కూలీ, టూకీ ప్రచురించిన పద్ధతిలో సుమారు రెండు కోట్లు. ఈ కిటుకు 1805 ప్రాంతంలో గ్రహశకలాల కక్ష్యలు లెక్కిస్తూ గాస్ రాసుకున్నదేనని తర్వాత బయటపడింది. ఎంఆర్‌ఐ చిత్రాల నుంచి రేడియో ఖగోళశాస్త్రం దాకా దీని మీదే ఆధారపడ్డాయి.

హద్దులూ అక్కడ తెలిశాయి. స్పిన్ గ్లాస్ అనే అయస్కాంత పదార్థంలో పరమాణువులు ఒకదానితో ఒకటి పడని షరతులకు లోబడి ఉంటాయి. వాటి కనిష్ఠ శక్తి స్థితిని సమతలపు అల్లికలో బహుపది కాలంలో కనుక్కోవచ్చు, బిందువులను జతపరచడానికి ఎడ్మండ్స్ ఇచ్చిన పద్ధతే దానికి సాధనం. మూడు కొలతల అల్లికలో అదే ప్రశ్న ఎన్‌పీ-కఠినమని 1982లో ఫ్రాన్సిస్కో బరహోనా నిరూపించాడు. అంటే ఒక్క కొలత పెరిగేసరికి ప్రశ్న గీత దాటింది. పదార్థం తన కనిష్ఠ స్థితికి తప్పక చేరుతుందన్న ఊహ మీద కట్టిన సిద్ధాంతాలను ఇది మరోసారి ఆలోచించేలా చేస్తుంది.

ఆర్థికశాస్త్రానికీ ఇదే ప్రశ్న తగిలింది. ప్రతి పరిమిత క్రీడలోనూ, ఏ ఆటగాడూ ఒంటరిగా ఎత్తు మార్చి లాభపడలేని సమతాస్థితి ఉంటుందని 1950లో జాన్ నాష్ నిరూపించాడు. అది ఉందన్నాడు గాని, దాన్ని త్వరగా చేరే దారి చెప్పలేదు. 2006 నాటికి దస్కలాకిస్, గోల్డ్‌బర్గ్, పాపదిమిత్రియు, తర్వాత చెన్, డెంగ్ ఈ వెతుకులాట పీపీఏడీ అనే తరగతికి సంపూర్ణమని చూపారు. దానికి సమర్థమైన పద్ధతి లేదనే నిపుణుల అంచనా. ఆ అంచనా నిజమైతే, సమతాస్థితికి మార్కెట్లు వాటంతటవే చేరతాయని అనుకోవడానికి వేరే ఆధారం చూపాలి.

కఠినమని తేలడంతో పరిశోధన ఆగిపోదు, ప్రశ్న మారుతుంది. అత్యుత్తమం కాకున్నా దానికి దగ్గరి జవాబు అడగవచ్చు. ఊళ్లన్నీ చుట్టి వచ్చే ప్రయాణంలో, దూరాలు సహజ నియమాలకు లోబడితే, కనిష్ఠానికి ఒకటిన్నర రెట్లు మించని దారిని 1976 నాటి క్రిస్టోఫీడెస్ పద్ధతి హామీగా ఇస్తుంది. అతి చెడ్డ సందర్భం కాక, నిజంగా ఎదురయ్యే సందర్భాలనే లెక్కలోకి తీసుకోవచ్చు. పరిమిత వనరులను కేటాయించే లెక్కలకు 1947లో డాంట్జిగ్ ఇచ్చిన సింప్లెక్స్ పద్ధతి పరిశ్రమలలో చకచకా పనిచేసింది. 1972లో క్లీ, మింటీ దాని మెట్లు రెట్టింపుల్లో పెరిగే ఉదాహరణ కట్టారు. అలాంటి ఉదాహరణలు దత్తాంశం కొద్దిగా చెదిరినా నిలవవని ఈ శతాబ్దం మొదట్లో స్పీల్‌మన్, టెంగ్ వివరించారు. యాదృచ్ఛికతనూ వాడుకోవచ్చు. కాల్చిన లోహాన్ని మెల్లగా చల్లార్చే కమ్మరి పనిని అనుకరిస్తూ 1983లో కర్క్‌పాట్రిక్ బృందం ఒక సాధారణ పద్ధతి ఇచ్చింది. స్పిన్ గ్లాస్ కోసం 2021 నోబెల్ గ్రహీత జార్జియో పారిసీ రూపొందించిన ఆలోచనలు తర్కంలోని కఠిన ప్రశ్నలకు కొత్త అల్గారిథాలయ్యాయి. ఇచ్చిపుచ్చుకోవడం రెండువైపులా జరుగుతోంది.

ఏ శాస్త్రంలోనైనా ఒక సిద్ధాంతం దాని సమీకరణాలతో పూర్తికాదు. వాటి నుంచి జవాబు రావడానికి ఎన్ని మెట్లు కావాలో కూడా ఆ సిద్ధాంతంలో భాగమే. నమూనా కట్టేవారు దాని బరువును కూడా చెప్పాలి. కష్టమైతే ఏ ప్రత్యేక సందర్భంలో తేలికవుతుందో వెతకాలి. తేలికగా కనిపిస్తే అంతకంటే తేలిక దారి లేదా అని అడగాలి. పీ, ఎన్‌పీల ప్రశ్న ఎప్పుడు తేలినా, ఏ పక్షాన తేలినా ఈ పని మిగిలే ఉంటుంది. వేర్వేరు శాస్త్రాలవారు ఒకే సదస్సులో కూర్చోవడానికి అదే కారణం: ఒకరి పట్టిక మరొకరి లిపికి సరిపోతుంది, ఒకరికి ఎదురైన గోడ మరొకరికి దారి చెబుతుంది.