తుమ్మ గింజల పిండి, లిల్లీపిల్లీ పండు



ఆస్ట్రేలియా గురించి చెప్పమని అడిగారు. అక్కడివాళ్లు క్రికెట్ బాగా ఆడతారని మీ పిల్లలు చెప్పే వుంటారు. నేను ఆ సంగతి చెప్పను. తిండి సంగతి చెప్తాను.

ఆస్ట్రేలియా చుట్టూ సముద్రం. మన దేశం కంటే రెండింతలకు పైగా పెద్దది. జనం మాత్రం మన తెలంగాణ జనం కంటే తక్కువ. తెల్లవాళ్లు 1788లో అక్కడ కాపురం పెట్టారు. అంతకు ముందు 50 వేల ఏళ్లకు పైగా అక్కడ ఆదివాసులే వున్నారు. ఒక తెగ కాదు, వందల తెగలు. ఎవరి భాష వారిది. ఎవరి అడవి వారిది.

మా అబ్బాయి సిడ్నీ పట్నంలో పని చేస్తాడు. వాడి దగ్గరికి పోయినప్పుడు ఒక పెద్ద తోట చూశాను. 1816లో పెట్టిన తోట అది. సముద్రం ఒడ్డునే వుంది. అక్కడ ఆదివాసీ మనుషులే మన వెంట నడిచి చెట్లు చూపిస్తారు. ఏది తినాలి, ఏది తినకూడదు, ఎట్లా వండాలి, అన్నీ చెప్తారు.

ఆ తోట వున్న చోటే తెల్లవాళ్లు మొదటిసారి గోధుమలు చల్లారు. పంట రాలేదు. నేల వాళ్లకు తెలియదు, కాలం తెలియదు. ఓడల్లో తెచ్చిన పిండి, వుప్పు మాంసం తరిగిపోయాయి. ఆకలితో అల్లాడారు. పక్కనే గాడిగల్ అనే తెగ వాళ్లు వున్నారు. వాళ్లకు ఆ సముద్రమే పొలం.

అందులో ఆడవాళ్ల పని వినండి. చెట్టు బెరడుతో చేసిన చిన్న పడవ. అందులో తల్లి, ఆమె వొడిలో బిడ్డ. పడవ మధ్యలో మట్టి పరిచి, దాని మీద నిప్పు. నీళ్ల మీద నిప్పు! గవ్వ అరగదీసి గాలం చేసేవారు. బెరడు నారతో తాడు పేనేవారు. చేప పడగానే అక్కడే కాల్చి బిడ్డకు పెట్టేవారు. మగవాళ్లు ఒడ్డున ఈటెలతో పొడిచి చేపలు పట్టేవారు. గాలం మాత్రం ఆడవాళ్లదే. తర్వాత తెల్లవాళ్లు పెద్ద వలలు వేసి చేపలన్నీ లాగేశారు. 1789లో మశూచి వచ్చింది. ఆ తెగలో చాలామంది చనిపోయారు.

తోటలో లిల్లీపిల్లీ అనే చెట్టు వుంది. పేరు వింటే నవ్వొస్తుంది. పండు గులాబి రంగు, చిన్నది. నోట్లో వేసుకుంటే పులుపు, కొంచెం వగరు. ఇది మన నేరేడుకు చుట్టం. లవంగం చెట్టు కూడా ఆ కుటుంబమే.

తుమ్మ జాతి చెట్లు అక్కడ సుమారు వెయ్యి రకాలు. కొన్నింటి గింజలే తినడానికి పనికొస్తాయి. ఏది మంచిదో, ఏది విషమో ఆడవాళ్లకు తెలుసు. గింజలు ఏరి, వేయించి, చెరిగి, రాతి మీద నూరేవారు. ఆ పిండితో రొట్టె కాల్చేవారు. ఇప్పుడు అదే పిండిని పట్నం హోటళ్లలో ఐస్‌క్రీములో కలుపుతున్నారు. కాఫీ పొడి లాంటి వాసన వస్తుంది. ఐస్‌క్రీము కంటే రొట్టే నాకు నచ్చింది.

ఇంకో మాట చెప్తే మీరు నమ్మరు. మన గంగవాయిలి కూర వుంది కదా! కోస్తాలో గంగపాయల కూర అంటారు. అది అక్కడా వుంది. మనం ఆకు పప్పులో వేస్తాం. వాళ్లు ఆకు తింటారు, గింజ కూడా వదలరు. మొక్కలు పీకి కుప్ప వేస్తారు. ఎండే కొద్దీ ఆవగింజ కంటే చిన్న గింజలు కింద రాలతాయి. వాటిని నీళ్లు పోసి రాతి మీద నూరుతారు. అంత చిన్న గింజ నూరడం ఎంత పనో నూరినవాళ్లకే తెలుసు.

ఆ నూరడం తెలియక ప్రాణాలు పోయిన కథ ఒకటి వుంది. 1860లో బర్క్, విల్స్ అనే ఇద్దరు తెల్లవాళ్లు దేశం ఆ చివర చూడాలని గుర్రాలతో, ఒంటెలతో బయలుదేరారు. తిరిగి వచ్చేటప్పుడు ఎడారిలో తిండి అయిపోయింది. అక్కడ యాండ్రువాండా అనే తెగ వాళ్లు చేపలు ఇచ్చారు, నార్డూ రొట్టె పెట్టారు. నార్డూ అంటే నీటి అంచున పెరిగే మొక్క. ఒక్కో కాడకు నాలుగు ఆకులు. దీని జాతి మొక్క మన వరి మళ్లలో కూడా వుంటుంది. కాయల్లాంటి గట్టి గుళ్లు వస్తాయి, వాటిని నూరి వండుతారు.

బర్క్‌కు ఆ తెగ మీద నమ్మకం లేదు. ఒకసారి వాళ్ల తలల మీదుగా తుపాకి పేల్చాడు. వాళ్లు దూరం జరిగారు. ఇక తెల్లవాళ్లు తామే నార్డూ ఏరి, తమకు తోచినట్టు వండుకున్నారు. కడుపు నిండింది. వొంట్లో బలం మాత్రం రోజు రోజుకూ తగ్గింది. వొంటికి కావలసిన ఒక విటమిన్‌ను నార్డూ పాడు చేస్తుందనీ, ఆదివాసులు వండే పద్ధతిలో ఆ దోషం పోతుందనీ పరిశోధకులు అంటారు. 1861లో ఇద్దరూ చనిపోయారు. వారి వెంట వున్న కింగ్ అనే అతను ఆ తెగ దగ్గరికి వెళ్లాడు. వాళ్లు గుడిసెలో చోటిచ్చి, అన్నం పెట్టి కాపాడారు. అతను బతికాడు.

ఇంత తెలిసినవాళ్ల నేలలు తర్వాత గొర్రెల మందలకు పోయాయి. వాళ్లను మిషన్లలో, పశువుల కంపెనీల్లో పెట్టారు. మైదా పిండి, చక్కెర, టీ ఆకు కొలిచి ఇచ్చారు. చాలా చోట్ల కూలి కింద ఇచ్చింది కూడా అదే. ఇవాళ ఆదివాసుల్లో చక్కెర జబ్బు మిగతావాళ్ల కంటే చాలా ఎక్కువ. దానికి ఈ తిండి మార్పు ఒక కారణం.

ఇప్పుడు అడవి తిండికి గిరాకీ వచ్చింది. ఉత్తరాన కాకాడు ప్లమ్ అనే పచ్చని కాయ వుంది. మన కరక్కాయ, తానికాయ జాతిది. అందులో సి విటమిన్ నారింజలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. దాన్ని పొడి చేసి సీసాల్లో అమ్ముతారు. ముఖానికి రాసే క్రీముల్లో కలుపుతారు. ఎండలో కాయలు ఏరేది ఎక్కువగా ఆదివాసీ ఆడవాళ్లే. వాళ్లకు కిలోల లెక్కన డబ్బు. ఈ వ్యాపారం మొత్తంలో ఆదివాసుల చేతికి వచ్చేది చాలా చిన్న భాగం. తునికాకు కట్టలు కట్టినవాళ్లకు ఈ లెక్క నేను విడమరచి చెప్పనక్కరలేదు. కొన్ని చోట్ల వాళ్లు సంఘం కట్టుకొని తామే ఎండబెట్టి, ధర తామే చెప్తున్నారు.

ఇక మీరు మాట్లాడండి. మన దగ్గర కరువు రోజుల్లో గంగవాయిలి గింజ గానీ, వేరే అడవి గింజ గానీ నూరి తిన్న అమ్మమ్మలు, నాయనమ్మలు ఎవరైనా వున్నారా? ఎట్లా నూరేవారు?