భోగి పొగయు మన పెద్దలును
(చెన్నపట్టణమున మన వారి కూటమిలో చేసిన ప్రసంగపాఠము)



భోగిపండుగ సమీపించుచున్నది. మేము వైద్యులము కాము; మెట్రిక్యులేషనుతో చదువు ముగించి కొట్టులో కూర్చున్నవారము. అయినను ఈ విషయమున మాటలాడుటకు మాకు కొంత హక్కు కలదు, ఏలయన తప్పు చేసినవారము మేమే.

కొన్ని యేండ్ల క్రిందట భోగినాడు వేకువనే వీధిమంటలో రెండు పాత టైర్లును, కొట్టులోని ప్లాస్టిక్ గోతాలును మేమే వేసితిమి. మంట మిద్దెయెత్తు లేచెను. పిల్లలు చప్పట్లు చఱచిరి. అరుగుమీద కూర్చుండి చూచుచుండిన మా నాయనగారికి అప్పటికి డెబ్బదియెనిమిదేండ్లు. మధ్యాహ్నమునకే ఆయాసము పట్టెను. ఆరు దినములు ఆసుపత్రిలో ప్రాణవాయువు పెట్టవలసివచ్చెను. ఇంటికి వచ్చిరి గాని, అటుపిమ్మట మేడమెట్లు ఎక్కలేదు. "ఏమిరా, మంట బాగుగా లేచినదా?" అని యొకనాడు నవ్వుచు అడిగిరి. మేము బదులు చెప్పలేకపోతిమి.

వైద్యులు మాకు బోధపఱచిన దిది. పొగలో 2.5 మైక్రానులకు మించని ధూళి యుండును; అది తలవెండ్రుక మందములో సుమారు ముప్పదవ వంతు. ముక్కున ఆగక ఊపిరితిత్తుల చివరవఱకు పోవును, కొంత నెత్తుటిలోనికిని చేరును. ఊపిరిగొట్టములు తమ్ము తాము శుభ్రపఱచుకొను శక్తి వయసుతో సన్నగిల్లును. అందుచే వృద్ధులకు ఆయాసమే కాదు, గుండెపోటును పక్షవాతమును సైతము రావచ్చును. పొగకును గుండెకును సంబంధ మేమని పలువు రడుగుదురు. 1952 డిసెంబరులో లండను నగరమును బొగ్గుపొగ ఐదు దినములు కప్పగా వేలకొలది జనులు మరణించిరి. వారిలో వృద్ధులే అధికులు. గుండెజబ్బుతో పోయినవారును అనేకులు.

ధనుర్మాసపు చలి వేకువన నేలనంటిన గాలి చల్లబడి క్రిందనే నిలుచును. పొగ పైకి పోదు. 2018 భోగినాడు మన పట్టణమున దిగలేక విమానములు అన్యనగరములకు మరలినవి.

పిడకల పొగ ఆరోగ్యకరమని మన ముసలమ్మలు వాదింతురు. వారితో గెలుచుట మావలన కాలేదు! కాని ఆ పొగలోను ఈ ధూళియే కలదు. టైరు పొగలో విషములు అదనము. తడిగుడ్డ కట్టుకొనిన ఆగదు. ఎన్-95 ముసుగు కొంత ఆపును.

కావున ఈ యేడు వీధి కొక్క చిన్న కట్టెలమంట చాలును, అదియు పెద్దలున్న యిండ్లకు దూరముగ. ఎండ వచ్చి పొగ విడుదాక వారిని తలుపులు మూసి లోపలనే యుంచుడు. మందులు ముందే తెచ్చి పెట్టుకొనుడు. ఛాతినొప్పియో, మాటతడబాటో కనబడినచో పండుగపూట యని జాగు చేయవలదు. పాత టైర్లును గోతాలును ముందునాటి సాయంకాలములోగా మా కొట్టునకు పంపుడు. పాతసామానులవానికి మేమే తూచి యిచ్చెదము. వచ్చిన పైకము పిల్లల భోగిపండ్లకు.